అమెరికా దక్షిణాది పల్లె, అక్కడి పరువు: తెర మీద ఏది నిజం?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఉద్యోగరీత్యా మీరు అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో స్థిరపడ్డారు. అదే రాష్ట్రంలోని ఒక చిన్న పల్లెలో పుట్టి పెరిగిన మీ సహోద్యోగి, తమవాళ్లను సినిమాల్లో ఎప్పుడూ మొరటువాళ్లుగానో వెర్రివాళ్లుగానో చూపిస్తారని మీ దగ్గర బాధపడ్డారు. దక్షిణాది గ్రామీణ జీవితాన్ని, అక్కడి పరువు పట్టింపులను నిజాయితీగా చూపిన సినిమాలు ఏవో, వాటిని ఏ గుర్తులనుబట్టి పోల్చుకోవాలో మీరు తెలుసుకోవాలనుకుంటున్నారు. నేను జార్జియాలోను, తరువాత టెనెస్సీలోను చాలా కాలం నివసించి, అక్కడి విద్యార్థులకే అక్కడి సినిమాల గురించి పాఠాలు చెప్పినవాణ్ణి. అందుచేత కొంత వివరంగానే జవాబిస్తాను.

దక్షిణాది సినిమా ఏదైనా నిజమైనదా కాదా అని తేల్చుకోవడానికి నేను తుపాకీ పేలే సన్నివేశాన్ని లెక్కలోకి తీసుకోను. దానికి ముందు జరిగేదాన్ని చూస్తాను. ఎవరు ఎవరికి ఏమి బాకీ ఉన్నారు, ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, ఎవరి గడప దగ్గర ఎవరు ఆగిపోయారు, ఏ మాట నోటిదాకా వచ్చి ఆగింది అన్న సంగతులు తెర మీద ఉంటే, ఆ తరువాత జరిగే హింసకు అర్థం ఉంటుంది. అవి లేకుండా నేరుగా కొట్లాటకు దిగిన సినిమా ఎంత యాస పలికినా, ఎన్ని పత్తి చేలు చూపినా, అది బయటివాడి ఊహ మాత్రమే.

ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే అక్కడ పరువు ఎలా పనిచేస్తుందో కొంత చెప్పాలి. రిచర్డ్ నిస్బెట్, డోవ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సహచరులతో కలిసి మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం 1996లో అచ్చయింది. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలనుంచి వచ్చిన తెల్లజాతి మగ విద్యార్థులను ఒక నడవాలో నడిచి వెళ్లమన్నారు. వారిలో కొందరిని, ప్రయోగంలో భాగస్తుడైన ఒక వ్యక్తి భుజంతో ఢీకొని, పైపెచ్చు ఒక బూతుమాట అని వెళ్లిపోయాడు. ఉత్తరాది విద్యార్థులు చాలావరకు దాన్ని పట్టించుకోలేదు. దక్షిణాది విద్యార్థుల లాలాజలాన్ని పరీక్షిస్తే ఒత్తిడిని సూచించే కార్టిసాల్, దూకుడుతో ముడిపడ్డ టెస్టోస్టెరాన్ అనే హార్మోన్లు పెరిగినట్టు తేలింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది దాని తరువాతి భాగం. అదే నడవాలో ఒక భారీ మనిషి ఎదురుగా వస్తున్నప్పుడు, ఏ అవమానమూ జరగని దక్షిణాది విద్యార్థులు సుమారు 9 అడుగుల దూరంలోనే పక్కకు తప్పుకొని దారి ఇచ్చారు. అవమానం పొందినవారు మాత్రం అతను సుమారు 3 అడుగుల దగ్గరికి వచ్చేదాకా కదలలేదు. ఉత్తరాదివారు రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు 6 అడుగుల దగ్గరే తప్పుకున్నారు.

అంటే, మామూలు సమయంలో అందరికంటే మర్యాదస్తులు వీళ్లే, మాట పడితే అందరికంటే మొండిగా నిలబడేదీ వీళ్లే. ఈ రెండింటికీ మూలం ఒకటే. ఎదుటివాడి పరువుకు నేను ముందుగానే చోటిస్తున్నాను కనుక, నా పరువు జోలికి అతను రాకూడదన్న ఒప్పందం అది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తర ఐర్లండ్‌నుంచి, స్కాట్లండ్ సరిహద్దులనుంచి వచ్చి కొండల్లో స్థిరపడినవారు పశువుల కాపర్లు కావడం వల్ల, ఒక్క రాత్రిలో మందను తోలుకుపోగలిగే చోట చట్టం దూరంగా ఉండడం వల్ల ఈ స్వభావం ఏర్పడిందని ఆ పరిశోధకులు వివరించారు. ఈ కాపరుల సిద్ధాంతాన్ని ఒప్పుకోని చరిత్రకారులు ఉన్నారు. బానిస వ్యవస్థే దీనికి అసలు పునాది అనేవారి వాదంలో చాలా బలముందని నా అభిప్రాయం. మూలం ఏదైనా, మర్యాదా పగా ఒకే నాణేనికి రెండు వైపులన్న సంగతి అక్కడ కొంతకాలం బతికినవారికి ఎవరూ నేర్పనక్కర లేదు.

ఈ పరువులో అంతస్తులు కూడా ఉన్నాయి. 1856 మే 22న సౌత్ కరోలినాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ సెనేట్ సభా మందిరంలోకి వెళ్లి, బానిసత్వాన్ని ఖండిస్తూ ప్రసంగించిన మసాచుసెట్స్ సెనేటర్ చార్ల్స్ సమ్నర్‌ను చేతికర్రతో స్పృహ తప్పేదాకా కొట్టాడు. ఆ ప్రసంగంలో తన బంధువైన ఒక వృద్ధ సెనేటర్‌ను సమ్నర్ కించపరిచాడన్నది బ్రూక్స్ ఆరోపణ. అతను సమ్నర్‌ను ద్వంద్వయుద్ధానికి ఎందుకు పిలవలేదన్నది ఇక్కడ గమనించాలి. ద్వంద్వయుద్ధానికి పిలవడమంటే ఎదుటివాణ్ణి తనతో సమానుడిగా ఒప్పుకోవడమే. తక్కువవాడనుకున్నవాడికి కర్రే. ఆ తరువాత దక్షిణాదినుంచి ఎందరో బ్రూక్స్‌కు కొత్త చేతికర్రలు కానుకగా పంపారు. ఎవరిని ఎలా శిక్షించాలన్నది కూడా అంతస్తునుబట్టి ఉంటుందన్న ఈ సూక్ష్మం చాలా సినిమాలకు అందలేదు. అందరూ అందరినీ ఒకే రకంగా కొడుతూ ఉంటారు.

ఇక సినిమాల సంగతికి వస్తాను. ఒకే ఒక్క సినిమా చెప్పమంటే నేను జెఫ్ నికల్స్ తీసిన ‘షాట్‌గన్ స్టోరీస్’ చెబుతాను. 2007లో వచ్చింది. నికల్స్ లిటిల్ రాక్‌లో పుట్టినవాడు, ఇది అతని మొదటి సినిమా, తీసింది మీ రాష్ట్రంలోనే. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడి పేరు సన్, రెండోవాడు బాయ్, మూడోవాడు కిడ్. కన్నతండ్రి వీళ్లకు సరైన పేర్లు పెట్టే పాటి శ్రద్ధ కూడా చూపలేదు. అతను తాగుబోతుగా ఉన్న రోజుల్లో వీళ్లనూ తల్లినీ వదిలేసి పోయి, తరువాత మారుమనసు పొంది, భక్తుడై, ఇంకో కుటుంబాన్ని ఏర్పరచుకున్నాడు. ఆ ఇంటి కొడుకుల్లో పెద్దవాడికి తన పేరే పెట్టుకున్నాడు, మిగతావారికి బైబిల్‌లోని పేర్లు పెట్టాడు. పేర్ల దగ్గరే కథంతా మొదలైపోయింది.

తండ్రి చనిపోయాడన్న వార్త చెప్పడానికి తల్లి వచ్చే సన్నివేశాన్ని జాగ్రత్తగా చూడండి. ఆమె గడప దాటి లోపలికి రాదు. చనిపోయాడని చెబుతుంది. అంత్యక్రియలు ఎప్పుడని పెద్దవాడు అడిగితే పేపర్లో చూసుకోమంటుంది. నువ్వు వెళ్తావా అంటే వెళ్లనంటుంది. అంతే. ఏడుపు లేదు, నేపథ్య సంగీతంతో మన గుండె పిండే ప్రయత్నం లేదు. తరవాత సమాధి దగ్గర సన్ నాలుగు మాటలు మాట్లాడతానని ముందుకు వచ్చి, ఈ మనిషి మీరనుకున్నంత మంచివాడు కాదని చెప్పి, శవపేటిక మీద ఉమ్మేస్తాడు. పగ అక్కడినుంచి మొదలవుతుంది. ఆ రెండో ఇంటి కొడుకుల స్థానంలో ఉంటే మనమైనా ఊరుకోలేం. అదే సమయంలో సన్ చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు. రెండు పక్షాలకూ న్యాయం ఉండడం, రెండు పక్షాలూ తప్పు చేయడం, ఇంత స్పష్టంగా చూపిన పగ కథను నేను ఇంకొకటి చూడలేదు.

ఆ సినిమాలో హింస చాలా చోట్ల తెర వెనకే జరుగుతుంది. దెబ్బ పడకముందే దృశ్యం తెగిపోతుంది, ఆ తరువాత మనకు ఆసుపత్రి వరండా కనిపిస్తుంది. సన్ వీపు మీద పాత తుపాకీ గుళ్ల మచ్చలు ఉంటాయి. వాటి వెనక కథేమిటని తోటి పనివాళ్లు ఎవరికి తోచింది వారు ఊహించుకుంటారు, అతను మాత్రం నోరు విప్పడు. పరువు గల మనిషి తన గాయాన్ని వివరించడు, మిగతావాళ్లు దాని చుట్టూ కథలు అల్లుతారు. చేపల చెరువుల్లో కూలి, ఖాళీ మధ్యాహ్నాలు, పనిచేయని ఏసీ మిషన్లు, చేయడానికి ఏమీ లేక పరువును పట్టుకు వేలాడే మగవాళ్లు. అసలు ఆ పరువు తప్ప వాళ్లకు ఆస్తి ఇంకేమీ లేదన్న సంగతి సినిమా ఎక్కడా నోటితో చెప్పదు. పగ చివరకు ఎలా ఆగుతుందో చెప్పి మీ వీక్షణ పాడుచేయను. దాన్ని ఆపే మనిషి ఎవరో మాత్రం గమనించండి.

ఆ ఉమ్మును గుర్తుపెట్టుకొని 1962 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అందులో ఒక నల్లజాతి మనిషి మీద తప్పుడు నేరం మోపిన బాబ్ యూయెల్, ఆ మనిషి తరఫు వకీలు ఆటికస్ ముఖం మీద ఉమ్ముతాడు. ఆటికస్ ఒక అడుగు ముందుకు వేస్తాడు, ఆగుతాడు, రుమాలు తీసి ముఖం తుడుచుకొని కారెక్కి వెళ్లిపోతాడు. ఎవరో అనడంచేత పోయే పరువు కాదు నాది అని నమ్మే మనిషి అతను. అలా నమ్మగలగడానికి చదువు, వృత్తి, ఊళ్లో స్థానం కూడా తోడ్పడ్డాయని సినిమా గట్టిగా చెప్పదు. అది దాని లోపం. కూలి మనిషి ఆ రుమాలు తీసి ఉంటే ఊరు అతన్ని మహాత్ముడనేది కాదు, పిరికివాడనేది.

కాని అదే సినిమా మొదట్లో ఒక చిన్న ముక్క ఉంది, దాని కోసమే నేను ఆ సినిమాను ఇప్పటికీ పాఠంగా చెబుతాను. కనింగ్‌హామ్ అనే పేద రైతు, వకీలు చేసిన పనికి డబ్బివ్వలేక, పొద్దున్నే ఒక సంచి హికరీ కాయలు తెచ్చి పెరట్లో పెట్టి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోవాలనుకుంటాడు. చిన్నపిల్ల స్కౌట్ చూసి తండ్రిని పిలుస్తుంది, ఆటికస్ బయటికి వచ్చి కృతజ్ఞతలు చెబుతాడు. ఆ రైతు ముఖం చిన్నబోతుంది. అతను వెళ్లాక ఆటికస్ కూతురితో, ఈసారి ఆయన వచ్చినప్పుడు నన్ను పిలవకు, కృతజ్ఞత చెబితే ఆయనకు ఇబ్బందిగా ఉంటుంది అంటాడు. బాకీ తీర్చేవాడికి ధన్యవాదాలు చెబితే అది బాకీ కాకుండా దానమైపోతుంది. ఆ తరువాత ఆటికస్ కక్షిదారుణ్ణి చంపాలని జైలు ముందు చేరిన గుంపులో ఇదే కనింగ్‌హామ్ నిలబడి ఉన్నప్పుడు, స్కౌట్ అతన్ని పేరు పెట్టి పలకరించి, కొడుకును అడిగానని చెప్పమంటుంది. గుంపు చెదిరిపోతుంది. ఆ పలకరింపులో ఉన్న బలం మొదట్లో ఆ కాయల సంచిని చూసినవారికే పూర్తిగా అర్థమవుతుంది. అన్నట్టు, ఆ ఊరంతా కాలిఫోర్నియాలో స్టూడియో ఆవరణలో వేసిన సెట్టు.

మీరుండే బెంటన్‌విల్ ఓజార్క్ కొండల అంచున ఉంది కనుక, డెబ్రా గ్రానిక్ 2010లో తీసిన ‘వింటర్స్ బోన్’ మీకు ఇరుగుపొరుగు కథే. మిస్సోరీ దక్షిణ భాగంలో, మీ ఊరికి కారులో కొన్ని గంటల దూరంలో, అక్కడివాళ్ల ఇళ్లలోనే తీశారు. చాలా పాత్రల్లో స్థానికులే కనిపిస్తారు. మిస్సోరీ దక్షిణాదిలోకి వస్తుందా రాదా అని పటం పెట్టుకొని వాదించేవారున్నారు. ఆ కొండల మనుషుల తీరు మాత్రం కచ్చితంగా దక్షిణాదిదే. పదిహేడేళ్ల రీ అనే అమ్మాయి తండ్రి, జామీను కోసం ఇంటినీ అడవినీ తాకట్టుపెట్టి మాయమయ్యాడు. అతను కోర్టుకు రాకపోతే, లేదా చనిపోయాడని తేలకపోతే ఇల్లు పోతుంది. ఎదురింట్లో జింకను వేలాడదీసి కోస్తున్నారు, ఇంట్లో తినడానికి సరిగా లేదు. కొంచెం అడుగుదామా అంటాడు తమ్ముడు. వాళ్లంతట వాళ్లు ఇవ్వాల్సినదాన్ని మనం ఎన్నడూ అడగకూడదంటుంది రీ. ఆ తరువాత పొరుగింటామె మాంసం తెచ్చి ఇస్తుంది. అడగనందుకు రీ పరువు నిలిచింది, ఇచ్చినందుకు పొరుగింటామె పరువూ నిలిచింది.

ఈ సినిమా గొప్పతనం ఏమిటంటే పరువు భారాన్ని మోసేది ఆడవాళ్లేనని చూపడం. తండ్రి ఆచూకీ అడగడానికి రీ వెళ్లిన ప్రతి ఇంటా మగవాడికి ముందు ఒక ఆడది గుమ్మంలో నిలబడి ఉంటుంది. నీ ఇంట్లో ఈ పని చేసే మగవాళ్లు ఎవరూ లేరా అని అడుగుతుంది. హద్దు మీరినందుకు రీని చావగొట్టేదీ ఆడవాళ్లే. ఆ తరువాత ఆమె తండ్రి సోదరుడు వచ్చినప్పుడు వాళ్లు ముందుగా చెప్పే మాట, మగవాడెవడూ ఈ పిల్లను తాకలేదని. ఈ మాట సబ్‌టైటిళ్లలో ఒక వరుస మాత్రమే, కాని దాని వెనక ఒక చట్టమే ఉంది. మగవాడు చెయ్యి వేసి ఉంటే, ఆ తండ్రి సోదరుడు అక్కడికక్కడే ఎవరినో ఒకరిని చంపక తప్పేది కాదు. ఆడవాళ్లు కొట్టడంవల్ల ఆ రాత్రి శవం లేవకుండా పోయింది. ఇలాంటి ఒక్క వాక్యం పది నిమిషాల యాస కంటే ఎక్కువ నిజం చెబుతుంది.

యాస మాట వచ్చింది కాబట్టి చెబుతాను. తీరప్రాంతపు పాత తోటల యజమానుల సాగదీసే పలుకు వేరు, కొండల్లో పలుకు వేరు, మిసిసిపీ డెల్టాలో నల్లజాతివారి పలుకు వేరు. అందరికీ ఒకే సాగతీత తగిలించిన నటుణ్ణి అక్కడివాళ్లు ఒక్క నిమిషంలో పట్టేస్తారు. అలాగని యాస సరిపోతే అంతా సరిపోయినట్టూ కాదు. ప్రదేశం విషయమూ ఇంతే. 2003 నాటి ‘కోల్డ్ మౌంటెన్’ నార్త్ కరోలినా కొండల కథ, ఎక్కువ భాగం తీసింది రొమేనియాలో. కాని అందులో వినిపించే సేక్రెడ్ హార్ప్ ప్రార్థన గానాన్ని అలబామాలోని హెనగర్ దగ్గర ఒక పల్లె చర్చిలో, తరతరాలుగా పాడుతున్నవారి చేతనే పాడించి రికార్డు చేశారు. కొండలు అరువువి, గొంతులు మాత్రం అసలువి. ఆ పాట వస్తున్నంతసేపు అక్కడివాళ్లు ఆ సినిమాలోని మిగతా లోపాలన్నీ క్షమిస్తారు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ ‘డెలివరెన్స్’. 1972లో వచ్చిన ఈ సినిమాను జార్జియాలోని రేబన్ కౌంటీలో, చటూగా నది మీద, అసలైన ప్రదేశంలో, అసలైన స్థానికుల ముఖాలతో తీశారు. బాంజో వాయించే బాలుడు అక్కడి పిల్లవాడే, కాని అతనికి ఆ వాయిద్యం రాదు, చొక్కా చేతిలోంచి వేరొకరి చెయ్యి వచ్చి వాయించింది. సినిమాగా అది గొప్పగానే ఉంటుంది. కాని కొండమనిషి అంటే పళ్లూడిన, కిరాతకుడైన, వావివరుసలు లేని జీవి అన్న బొమ్మను ప్రపంచమంతటా నాటింది అదే. సినిమా వచ్చాక నదిలో పడవ ప్రయాణాల కోసం జనం ఎగబడి, ఆ కౌంటీకి డబ్బు తెచ్చారు. అవమానాన్ని కూడా తెచ్చారు. ఆ ప్రాంతపు విద్యార్థులు నా తరగతిలో ఈ సినిమా పేరెత్తగానే ముఖం తిప్పుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఫ్యాక్షన్ సినిమాల వరద తరువాత ఊరి పేరు చెప్పడానికే సంకోచించిన రాయలసీమ కుర్రవాళ్లు నాకు అప్పుడు గుర్తొచ్చేవారు. మీ సహోద్యోగి బాధ కూడా సరిగ్గా అదే.

ఇప్పటిదాకా చెప్పిందంతా తెల్లవాళ్ల పరువు. దక్షిణాది పరువు గురించి మాట్లాడుతూ ఇక్కడితో ఆపేసేవారు సగం దక్షిణాదిని వదిలేసినట్టే. నల్లజాతి మనిషికి పౌరుషం ఉండకూడదన్నదే అక్కడి పాత కట్టుబాటులోని మొదటి సూత్రం. మైకేల్ రోమర్ 1964లో తీసిన ‘నథింగ్ బట్ ఎ మ్యాన్’ దీన్ని చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పలేదని నా నమ్మకం. రోమర్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, కథ అలబామాది, తీసింది న్యూజెర్సీలో. అయినా అబద్ధపు చూపు ఒక్కటి కనిపించదు. డఫ్ అనే రైలు పట్టాల కూలీ ఒక పాస్టరు కూతుర్ని పెళ్లి చేసుకొని ఒక ఊళ్లో స్థిరపడాలనుకుంటాడు. రంపపు మిల్లులో పని దొరుకుతుంది, పోతుంది. పెట్రోలు బంకులో దొరుకుతుంది, అదీ పోతుంది. కారణం ప్రతిసారీ ఒకటే, తెల్లవాళ్ల ముందు తల వంచడానికి అతను ఒప్పుకోడు. ఎదురు తిరిగి కొట్టడు, వంగడు, అంతే. ఆ వంగకపోవడమే ఊరి దృష్టిలో నేరం. బయట చూపలేని కోపాన్ని ఇంట్లో గర్భిణి అయిన భార్య మీద చూపిన రాత్రిని కూడా సినిమా దాచదు. మామగారు పాస్టరు. వంగి బతకడం నేర్చుకున్న మనిషి. ఆయన్ను కూడా చులకన చేయదు. ఆయన వంగడానికి కారణాలు ఉన్నాయని మనకు తెలుస్తూనే ఉంటుంది.

2017 నాటి డీ రీస్ సినిమా ‘మడ్‌బౌండ్’ను దీని పక్కన పెట్టుకొని చూడండి. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడి యూనిఫారంతో మిసిసిపీకి తిరిగివచ్చిన నల్లజాతి సైనికుడు రాన్సెల్, దుకాణంనుంచి ముందు తలుపు గుండా బయటికి పోబోతే, వెనక తలుపున పొమ్మంటారు. ఆ తరువాత భూస్వామి వీళ్లింటికే వచ్చి, క్షమాపణ చెప్పమంటాడు. రాన్సెల్ తన తండ్రి ఎదుట ఆ మాట అనాల్సి వస్తుంది. తండ్రి ముఖం చూడండి. కొడుకును బతికించుకోవాలంటే కొడుకు పరువును తన చేతులతోనే తీయవలసిన తండ్రి అతను. ఆ కుటుంబం పంటలో వాటా ఇచ్చి వేరొకరి భూమిని దున్నే కుటుంబం, కాబట్టి ఇల్లు కూడా ఆ భూస్వామి దయ మీద నిలిచినదే.

చర్చి లేని దక్షిణాది పల్లె లేదు, కాని చర్చిని సరిగా చూపిన సినిమాలు తక్కువ. రాబర్ట్ డువాల్ సొంత డబ్బుతో, తానే రాసి, తానే దర్శకత్వం వహించి 1997లో తెచ్చిన ‘ది అపోసల్’లో నిజమైన బోధకులు, నిజమైన విశ్వాసులు కనిపిస్తారు. సన్నీ అనే బోధకుడు భార్య ప్రియుణ్ణి పిల్లల బేస్‌బాల్ ఆటలో అందరి ముందూ బ్యాటుతో కొట్టి పారిపోయి, లూసియానాలో పేరు మార్చుకొని, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వచ్చే చిన్న చర్చి పెడతాడు. అది గిట్టని ఒక తెల్లవాడు గొడవకు వస్తాడు, సన్నీ అతన్ని చర్చి బయట చితక్కొడతాడు. అతను ఈసారి బుల్డోజరుతో తిరిగివస్తాడు. సన్నీ బుల్డోజరు ముందు నేల మీద బైబిల్ పెడతాడు. దాన్ని పక్కకు తీయడానికి దిగిన మనిషి, తీయలేక, ఏడ్చి కూలబడతాడు. బయటివాళ్లకు ఇది అతి అనిపించవచ్చు. నాకు మాత్రం పరువు గురించి ఇది అత్యంత సూక్ష్మమైన సన్నివేశాల్లో ఒకటి. సన్నీకి లొంగడం ఆ మనిషి వల్ల కాదు, మొదట తిన్న దెబ్బలు అతన్ని ఇంకా బిగుసుకుపోయేలా చేశాయి. దేవుడికి లొంగితే మాత్రం ఊళ్లో ఎవరూ అతన్ని చిన్నచూపు చూడరు. సన్నీ అతనికి ఓడిపోయే దారిని పరువుతో సహా ఇచ్చాడు. ఇదే సన్నీ భార్య విషయంలో ఏ పరువు కోసం బ్యాటు ఎత్తాడో, ఆ నేరానికి జవాబు చెప్పకుండా సినిమా అతన్ని వదిలిపెట్టదు.

పగ కథల్లోకెల్లా పేరుమోసిన, కెంటకీ, వెస్ట్ వర్జీనియా సరిహద్దు లోయలోని హ్యాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల కథ మీద 2012లో వచ్చిన టీవీ ధారావాహికను చాలామంది సిఫారసు చేస్తారు. నటన బాగుంటుంది. దాన్ని కూడా రొమేనియాలోనే తీశారు. దాన్ని చూసేటప్పుడు ఒక్కటి మరవకండి. 1878లో ఒక పంది ఎవరిదన్న తగువు వచ్చినప్పుడు ఆ రెండు కుటుంబాలూ ముందు వెళ్లింది కోర్టుకే. జ్యూరీలో ఆరుగురు హ్యాట్‌ఫీల్డ్‌లు, ఆరుగురు మెకాయ్‌లు కూర్చున్నారు, ఒక మెకాయ్ అవతలి పక్షానికి ఓటు వేయడంతో తీర్పు తేలింది. ఆ తరువాత హత్యలు జరిగాయి, నిజమే. కాని ఆ లోయలో అప్పుడు కలప వ్యాపారం, బయటి పెట్టుబడి, భూముల తగాదాలు ఎంతగా పాకాయో చరిత్రకారిణి ఆల్టీనా వాలర్ వివరంగా చూపారు. పత్రికలు మాత్రం దాన్ని అడవిమనుషుల రక్తదాహంగానే రాశాయి. సినిమాలు చాలాకాలం ఆ పత్రికల బాటలోనే నడిచాయి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ‘మిసిసిపీ మసాలా’ చెబుతాను. 1991లో మీరా నాయర్ తీశారు. 1972లో ఉగాండానుంచి వెళ్లగొట్టబడిన ఒక గుజరాతీ కుటుంబం మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో బంధువుల మోటెల్‌లో ఉంటుంది. కూతురు మీనా, తివాచీలు శుభ్రంచేసే చిన్న వ్యాపారం నడిపే నల్లజాతి యువకుడు డెమెట్రియస్‌ను ప్రేమిస్తుంది. సంగతి బయటపడిన మరుక్షణం, అంతకుముందు మనమంతా రంగున్నవాళ్లమే అంటూ చేతులు కలిపిన బంధువులు, ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటూ కుటుంబ పరువు గురించి గుండెలు బాదుకుంటారు. డెమెట్రియస్ వ్యాపారం దెబ్బతింటుంది. మనం సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన పరువూ, అక్కడి నేలలో పుట్టిన పరువూ కలిసి ఒక నల్లజాతి కుర్రవాడి మెడకు ఎలా చుట్టుకున్నాయో ఆ సినిమా మొహమాటం లేకుండా చూపింది. డల్లాస్, అట్లాంటా, షార్లట్, బెంటన్‌విల్ తెలుగు కుటుంబాలు దీన్ని కలిసి చూడాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక చూసేటప్పుడు ఏం గమనించాలో అడిగారు. నేను విద్యార్థులకు చెప్పేవి కొన్ని చెబుతాను. శవయాత్ర ఎదురైతే ఎదురుగా వచ్చే కార్లు రోడ్డు పక్కన ఆగుతాయా చూడండి, చాలా ఊళ్లలో ఇప్పటికీ ఆగుతాయి. చావు జరిగిన ఇంటికి పొరుగువాళ్లు వండి తెచ్చే గిన్నెల అడుగున టేపు ముక్క మీద పేరు రాసి ఉంటుంది, గిన్నె తిరిగి ఎవరింటికి చేరాలో తెలియడానికి. వంటగదిలో ఆ గిన్నెల వరుస కనబడితే ఆ సినిమా కళాదర్శకుడు అక్కడ బతికినవాడో, బతికినవాళ్లను అడిగి తెలుసుకున్నవాడో అయివుంటాడు. పెద్దవాళ్లతో పిల్లలు ‘మ్యామ్’, ‘సర్’ అనకుండా మాట్లాడితే అనుమానించండి. కోపం వచ్చినవాడు గొంతు పెంచుతున్నాడా తగ్గిస్తున్నాడా చూడండి. నిజమైన దక్షిణాది మనిషికి కోపం ముదిరేకొద్దీ మర్యాద పెరగడం నేను చాలా చూశాను. అతను ‘సర్’ అనడం ఎక్కువైతే ఎదుటివాడు జాగ్రత్తపడాలి.

మొదట ‘షాట్‌గన్ స్టోరీస్’, తరువాత ‘నథింగ్ బట్ ఎ మ్యాన్’, ఆపైన ‘వింటర్స్ బోన్’ చూడండి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకునే చూడండి, కొండల యాస మొదట్లో ఎవరికైనా కష్టమే. వీలైతే మీ సహోద్యోగితో కలిసి చూసి, ఏ సన్నివేశం తమ ఊరిలా ఉందో, ఏది కాదో ఆయననే అడగండి. నేను చెప్పిన వాటిలో కొన్నింటితో ఆయన విభేదించవచ్చు, అప్పుడు ఆయన మాటకే విలువ ఇవ్వండి. ఆ కొండ ప్రాంతాల్లో చాలా ఊళ్లవాళ్లు ఎక్కువగా మే నెలలో ఒక ఆదివారం నాడు సమాధులు శుభ్రంచేసి, పూలు పెట్టి, చర్చి ఆవరణలో కలిసి భోజనం చేస్తారు, దాన్ని డెకరేషన్ డే అంటారు. ఆయన పిలిస్తే తప్పక వెళ్లండి. వెళ్లేటప్పుడు ఏదైనా వండి తీసుకెళ్లండి, గిన్నె మీద మీ పేరు రాయడం మరవకండి.